చలనచిత్ర వాద్యబృందము - గణనయంత్రము

ఏలూరునకు చేరువనున్న సోమవరప్పాడు గ్రామమున జన్మించిన ఎల్. వి. ప్రసాద్ బొంబాయి చేరి, తొలి భారతీయ వాక్చిత్రమైన 'ఆలం ఆరా' (1931)లో చిన్న వేషము వేసెను. ఆ చిత్రమున నటన, పాట, వాద్యము మూడును ఒక్కమారే ముద్రితము కావలసి యుండెను. కావున వాద్యకారులు కెమెరా కంటబడకుండ చాటుమాటున దాగి వాయించిరి. చెంతనే రైలుబాట యుండుటచే రైళ్లు తిరుగని రాత్రివేళలందు చిత్రీకరణము సాగెను. వాద్యకారుని దాచుట చలనచిత్ర సంగీతమునకు పుట్టుకతోనే వచ్చిన విద్య యన్నమాట!

ఆ ప్రసాద్ దర్శకుడై 1955లో 'మిస్సమ్మ' తీయునాటికి పాటను ముందుగా థియేటరులో ముద్రించు పద్ధతి స్థిరపడినది. దానికి సంగీతము కూర్చినవారు సాలూరి రాజేశ్వరరావు. ఆ రోజులలో గాయకులును, వాద్యబృందమంతయు ఒకే గదిలో కూడి పాడి వాయించెడివారు. ఒక్క వయొలిన్ కమాను తడబడినచో అందరును పాటను మొదటి నుండి ఎత్తుకొనవలసినదే.

రాజేశ్వరరావు కుమారుడు కోటి, తన సహచరుడు రాజ్‌తో కలిసి 1980 దశకమున తెలుగు చిత్రములకు సంగీతము కూర్చెను. వారికి కీబోర్డు వాయించిన యువకుడే తరువాత ఎ. ఆర్. రహమాన్‌గా ప్రసిద్ధుడైనాడు. అతడు 1989లో మద్రాసులో ఇంటివద్దనే స్వంత స్టూడియో నెలకొల్పి, 1992లో 'రోజా' చిత్రముతో దేశమంతటికి వినబడెను. తండ్రి తరమునకు, కొడుకు తరమునకు నడుమ జరిగిన మార్పు భౌతికశాస్త్రమునకు సంబంధించినది.

1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ ఐ.బి.ఎం. 704 గణనయంత్రముచే 17 సెకనుల చిన్న రాగము పలికించెను. అదే ఏట ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున హిల్లర్, ఐజాక్‌సన్ అనువారు యంత్రముచే స్వరములను ఎన్నిక చేయించిరి. వాయించినది మాత్రము మనుష్యులే. ఈ రెండును వేర్వేరు పనులు. చలనచిత్రములకు కావలసినది మొదటిది.

ధ్వనిని అంకెలుగా మార్చుటను కొల్లేటి జాలరి వలతో పోల్చవచ్చును. వల కన్ను పెద్దదైనచో చిన్న చేప జారిపోవును. అట్లే సెకనుకు ఎన్ని నమూనాలు తీయుదుమో అందులో సగమునకు తక్కువ పౌనఃపున్యము గల ధ్వనులే సరిగా చిక్కును. మన చెవి సుమారు 20,000 కంపనముల వరకు వినును గనుక సెకనుకు 44,100 నమూనాలు తీయుట వాడుకయైనది. ఉపమానము ఇంతవరకే: జారిన చేప తిరిగి రాదు, జారిన ధ్వనిని ముందే వడగట్టనిచో అది మారువేషమున తక్కువ పౌనఃపున్యముగా లోనికి వచ్చి పాటను పాడుచేయును!

ఈ లెక్కన, ఒక్కొక్క నమూనాకు 2 బైట్ల చొప్పున, రెండు స్పీకర్లకు ఒక నిమిషపు సంగీతము ముద్రించుటకు కోటికి పైగా బైట్లు కావలెను. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ యంత్రము నిజమైన వాద్యధ్వనిని 8 బిట్ల సూక్ష్మతతో, అదియు కొద్దిపాటి వ్యవధియే, దాచగలిగెను. 1983లో వచ్చిన 'మిడి' ఏర్పాటు అసలు ధ్వనినే పంపదు. ఏ మెట్టు, ఎంత బలముతో నొక్కబడినదను ఆజ్ఞను మాత్రమే పంపును. బలమునకు 0 నుండి 127 వరకు అంకెలు.

అయినను విన్నవారికి అది బొమ్మ వాద్యమనియే తోచెడిది. ఎందుచేత? ఒక వయొలిన్ నమూనాను ఇరువది మార్లు ఒకదానిపై నొకటి పేర్చినచో ఇరువది వయొలిన్లు కావు. బిగ్గరగా పలుకు ఒక్క వయొలినే యగును. విద్యార్థులు దీనిని పరీక్షింపవచ్చును. 256, 258 కంపనముల శ్రుతిదండములు రెండింటిని ఒక్కసారి మ్రోగించినచో సెకనుకు రెండు విస్పందనములు వినబడును. రెండును 256వే అయినచో అవి వినబడవు. పదిమంది వాద్యకారుల శ్రుతులలోను, కమాను వేళలలోను ఉండు ఇట్టి స్వల్ప భేదములే బృందమునకు నిండుదనము. తప్పుగా భావించి తొలగించినదే అసలు సొగసు! అదియును గాక, మెల్లగా మీటిన తంతి గట్టిగా మీటిన తంతికి కేవలము క్షీణరూపము కాదు. అనుస్వరముల పాళ్లే మారును.

2000 ప్రాంతమున వియన్నాలో సెల్లో వాద్యకుడు హెర్బ్ టుక్‌మండల్ పూనికతో ఈ లోపములను పూరించు మహాసేకరణ మొదలైనది. ప్రతి స్వరమును పలు బలములతో, పలు కమాను రీతులతో, ఒక స్వరము నుండి మరియొక దానికి జారు సంధితో సహా ముద్రించిరి. ఒకే స్వరము వరుసగా వచ్చినపుడు వేరువేరు నమూనాలు వంతులవారీగా పలుకునట్లు అమర్చుటయు వాడుకయైనది. సభాభవనపు ప్రతినాదమును కూడ కొలిచి, గణితమున ఆ ధ్వనులకు జోడింపవచ్చును. దీనిచే టెలివిజను ధారావాహికకు పరిమిత వ్యయముతో పెద్ద వాద్యబృందపు ధ్వని సమకూరెను.

వ్యయము తగ్గెనన్న మాటకు మరియొక అర్థము కలదు. కాల్‌షీట్లపై బ్రదికిన మద్రాసు తంతివాద్యకారులు వరుసలుగా కూర్చుండి వాయించు దృశ్యము 1990 తరువాత క్రమముగా అరుదయ్యెను. యంత్రములో పలుకు స్వరము ఎవరో ఒకరు ఒకనాడు వాయించి కూలి పుచ్చుకొన్నదే. కాని అది వేలమార్లు మ్రోగినను వారికి మరల కాల్‌షీటు రాదు. ఈ లెక్కను ఏ గణనయంత్రమును ఇంకను సరిచేయలేదు.

తాడేపల్లిగూడెము వీధిలో పెండ్లి సన్నాయి వినుడు. గాంధారము ఒకచోట నిలువదు. ఊగును, జారును, ఆగును. కీబోర్డు మెట్లు స్థాయికి పన్నెండే. మిడిలో స్వరమును వంచుటకు 16,384 అంకెలు ఉన్నను, ఆ వంపును క్షణక్షణము గీయుట వాయించుట కంటె కష్టమైన పని. అందుచేతనే వెనుకనుండు తంతిబృందమును యంత్రమునకు వదలిన సంగీతదర్శకులు సైతము వేణువునకు, వీణకు, సన్నాయికి మనిషినే పిలిపించుట నేటికిని కలదు.