అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది

అమ్మ వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. నాన్న మాత్రం వచ్చాడు.

ఈ నాలుగు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ స్త్రీకైనా ఎక్కడో గుచ్చుకుంటుంది. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్ళుగా వ్యాకరణం చెబుతున్నాను. ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్లలు తలెత్తి చూస్తారు. ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, మహతి అని పిల్లలకు ముద్దుగా పేరు పెట్టుకుంటాం కదా, ఆ మహతిని తీసుకెళ్ళి రాళ్ళతో రప్పలతో ఎందుకు కలిపారు?" అని. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ‘అది’ అనే రెండక్షరాల మాట వెంట నడిచాను. ఆ నడకలో తెలిసినవే ఇక్కడ రాస్తున్నాను.

పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణం (1858) నుంచి నేటి పాఠ్యపుస్తకాల దాకా మన వ్యాకరణం పురుషులను చెప్పే మాటలను మహత్తులు అంటుంది. మహత్ అంటే గొప్పది. పశువులు, పక్షులు, వస్తువులు అమహత్తులు. మరి స్త్రీలు? ఏకవచనంలో అమహత్తులతో, బహువచనంలో మహత్తులతో. వాడు ఒకవైపు, అది ఒకవైపు. ‘మగవాడు’లో వాడు ఉన్నాడు, ‘ఆడది’లో అది ఉంది. ‘వచ్చింది’ కూడా విప్పి చూస్తే ‘వచ్చినది’, అంటే వచ్చిన + అది. స్త్రీ గురించి చెప్పే ప్రతి క్రియ చివరా ఆ మాట అంటిపెట్టుకునే ఉంది. ఆమె అన్నా, ఆవిడ అన్నా, గామె అన్నా, ఆయమ్మ అన్నా వాక్యం చివరికొచ్చేసరికి మళ్ళీ ‘ది’ దగ్గరే ఆగుతాం.

మన పొరుగు భాషలు అలా లేవు. తమిళంలో అవన్, అవళ్, అదు అని మూడు మాటలు. కన్నడంలో అవను, అవళు, అదు. మలయాళంలోనూ మూడే. తమిళ వ్యాకరణం తొల్కాప్పియం కాలం నుంచే మనుషులందరినీ, ఆడవాళ్ళతో సహా, ‘ఉయర్ తిణై’ అంది, అంటే పై తరగతి. కన్నడ మిత్రురాలొకరు తెలుగు నేర్చుకుంటూ, "మీకు అవళు లేదా?" అని జాలిపడ్డారు. అయితే ఉత్తరానికి వెళితే మరో సంగతి కనిపిస్తుంది. ఆదిలాబాద్ గోండులు, కొలాములు, ఒడిశా కొండల్లోని కువి, కుయి వాళ్ళు మాట్లాడే భాషల్లో స్త్రీ ఏకవచనంలోనే కాదు, బహువచనంలో కూడా మనుషులు కానివాటితోనే చేరుతుంది. ఝార్ఖండ్ వైపు కురుఖ్ భాష మాత్రం మన తెలుగు లాంటిదే. ఇక బలూచిస్తాన్‌లోని బ్రాహుయీలో లింగభేదమే లేదు. ఒకే కుటుంబంలోని అక్కచెల్లెళ్ళు ఆడదాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న విషయంలో ఇన్ని రకాలుగా విడిపోయారు.

వీటిలో ఏది పాతది? పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి మాత్రం తెలుగులోని పద్ధతే మూల ద్రావిడానిదనీ, ‘అవళ్’ దక్షిణాది భాషలు తరువాత కల్పించుకున్నదనీ వాదించారు. ఆయన చెప్పింది ఒప్పుకుంటే ఒక విషయం తేటపడుతుంది. ‘అది’కి తొలి అర్థం ‘వస్తువు’ కాదు, ‘మగవాడు కానిది’. స్త్రీని వస్తువుల్లోకి ఎవరో తోసెయ్యలేదు. మగవాడొక్కడు తనకు వేరే మాట పెట్టుకున్నాడు, మిగిలిన లోకమంతా ఒకచోట మిగిలిపోయింది. పురుషుణ్ణి ప్రమాణంగా నిలిపి స్త్రీని ‘ఇతర’గా చూడటాన్ని సిమోన్ ద బోవా 1949లో తత్వశాస్త్రంగా రాసింది. అదే గీత మన సర్వనామాల్లో ఏ కాలం నుంచి ఉందో! ఆ గీతకు ‘గొప్ప’, ‘గొప్ప కాని’ అని సంస్కృతంలో పేర్లు పెట్టింది మాత్రం వ్యాకర్తలు. విభజన భాషది, విలువ కట్టడం పండితులది. ఈ రెంటినీ కలిపి చూడకూడదని నా ఉద్దేశం.

అయితే ఇక్కడే తొందరపడి, మనకూ ఒక ‘అవళ్’ ఉంటే బాగుండేదనుకోవడం సులువు. బెంగాలీ సంగతి చూడండి. అక్కడ ‘షే’ అంటే అతనూ ఆమే కూడా. గౌరవిస్తే ఇద్దరికీ ‘తిని’. క్రియలోనూ లింగం లేదు. అంత సమానమైన సర్వనామం ఉన్న నేల మీదే 1829లో చట్టం చేస్తే గానీ సతి నేరం కాలేదు. పారశీకంలో ‘ఊ’, తుర్కీలో ‘ఓ’, వీటికీ లింగభేదం లేదు. ఆ భాషల స్త్రీలకు పితృస్వామ్యం తప్పిందా? ఇక వేరే మాట పుట్టినంత మాత్రాన గౌరవం వస్తుందా అంటే చైనా వైపు చూడాలి. అక్కడ ‘థా’ అనే ఒక్క మాటే అందరికీ సరిపోయేది. దాన్ని రాసే అక్షరంలో ‘మనిషి’ గుర్తు ఉండేది. 1920 ప్రాంతాల్లో లియూ బన్‌నొంగ్ వంటి రచయితలు యూరప్ భాషల్లోని ‘షి’కి సమానంగా ఉండాలని ‘స్త్రీ’ గుర్తుతో కొత్త అక్షరాన్ని ప్రచారం చేశారు. పలకడం మాత్రం అలాగే ఉంది. అది ఆధునికత అని చాలామంది సంతోషించారు. కొందరు స్త్రీలు మాత్రం ఎదురు తిరిగారు. మగవాడికి మనిషి గుర్తు ఉంచి మాకు తీసేస్తారా, మేం మనుషులం కామా అని వాళ్ళ ప్రశ్న. ఆ అక్షరమే చివరికి స్థిరపడింది. ప్రత్యేకమైన మాట లేకపోతే కనిపించకుండా పోతాం, ఉంటే వేరైపోతాం. ఈ ఇరకాటం మన ఒక్కరిదే కాదు.

కాబట్టి ‘అది’ గుచ్చుకునేది పుట్టుకలో కాదు, వాడకంలో. ఎవరు ఎవరిని అంటున్నారన్నదే అసలు సంగతి. తల్లి కూతుర్ని "అదింకా అన్నం తినలేదు" అంటుంది. అందులో ఎంత ప్రేమ! చిన్ననాటి స్నేహితురాలి గురించి "అది ఉంటే ఎంత బాగుండేది" అని మనమే అంటాం. ఆ మాట తీసి ‘ఆవిడ’ పెడితే స్నేహం చల్లబడిపోతుంది. కానీ పెద్దింటి పదేళ్ళ పిల్లవాడు పొలంలో పనిచేసే అరవై ఏళ్ళ దళిత స్త్రీని "అది ఇంకా రాలేదా?" అనగలిగిన ఊళ్ళు మనవే. అదే పిల్లవాడు అదే వయసున్న తన మేనత్తను ‘అది’ అనలేడు. వ్యాకరణానికి స్త్రీలంతా ఒకటే, ఊరికి కాదు. స్త్రీలందరి అవమానం ఒకటేనని మనం అనుకున్నప్పుడు దళిత స్త్రీలు గుర్తుచేసింది సరిగ్గా ఈ తేడానే. హిజ్రాలను ఒక నోటితో ‘వాడు’ అనీ, ఇంకో నోటితో ‘అది’ అనీ ఎగతాళి చేస్తారు. 2014లో సుప్రీంకోర్టు వాళ్ళ లింగ అస్తిత్వాన్ని వాళ్ళే చెప్పుకునే హక్కును గుర్తించింది. వీధి భాష ఆ తీర్పును ఇంకా చదవలేదు.

రాసేవాళ్ళం కనుక మన పేజీల్లో ఏం జరుగుతోందో కూడా చూసుకోవాలి. కావ్యభాషలో రాముడు వచ్చెను, సీత వచ్చెను, లేడి వచ్చెను. ఆ రూపంలో లింగం లేదు. గిడుగు రామమూర్తి వంటివారి పోరాటంతో జనం మాట అచ్చులోకి వచ్చింది. అది మనకు ఎంతో మేలు చేసింది, స్త్రీల రచనకు ఊపిరి పోసింది. దాంతోపాటే వాడు, అతను, ఆయన, అది, ఆమె, ఆవిడ అనే మెట్లన్నీ కథనంలోకి దిగాయి. ఇంటావిడను ‘ఆమె’ అని, పనిమనిషిని ‘అది’ అని కథకుడే తన గొంతుతో రాసిన కథలు మన గ్రంథాలయాల్లో కొల్లలు. పాత్ర నోట ‘అది’ వస్తే అది ఆ పాత్ర స్వభావం. కథకుడి నోట వస్తే కథ ఎవరి పక్షాన నిలబడిందో తెలుస్తుంది. అనువాదంలో ఇది మరీ ఇబ్బంది. ఇంగ్లీషు ‘షి’ని తెలుగు చేసేటప్పుడు ఆ స్త్రీకి ఏ మెట్టు ఇవ్వాలో మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్ళేటప్పుడు, మొదట ‘అది’గా ఉన్న మనిషి కథ సగంలో ‘ఆమె’ అయిన క్షణం మొత్తంగా మాయమైపోతుంది. ఆ క్షణం కోసమే కథ రాసి ఉండవచ్చు.

‘అది’ని నిషేధిద్దామని నేననను. అమ్మ నోట్లోంచి ఆ మాట లాక్కునే హక్కు నాకు లేదు. కథనంలో ఒక స్త్రీకి ‘ఆమె’ ఇచ్చి ఇంకో స్త్రీకి ‘అది’ మిగిల్చేముందు మాత్రం కలం ఆపి ఎందుకో ఆలోచించమంటాను. మహతి గురించి అడిగిన ఆ అమ్మాయికి కూడా ఇదంతా చెప్పాక, సూత్రంలో రెండో సగం మళ్ళీ చదివించాను. ఒక్కతే అయితే వచ్చింది. ఇద్దరైతే వచ్చారు. మగవాళ్ళెవరూ పక్కన లేకపోయినా సరే, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి నడిస్తే తెలుగు వాళ్ళను మనుషుల్లోనే లెక్కపెడుతుంది.