కోర్టుకిచ్చిన మాట

గద్వాల, వనపర్తి యనగానే మనకు కోటలును, సంస్థానములును జ్ఞప్తికి వచ్చును. నిజాముల కాలమున ఆ సంస్థానాధీశులు శిస్తు వసూలు చేయుటయే గాక తగవులును తీర్చుచుండిరి. దొర యెదుట మాట యిచ్చి తప్పినవాడు ఆ దొరకే జవాబు చెప్పుకొనవలసి యుండెను. 1949లో జాగీరుల రద్దుతో ఆ యధికారము ముగిసెను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చిరకాలము మహబూబ్‌నగరు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలకు కేంద్రములైనవి. 2022 జూను 2న వానికి జిల్లా న్యాయస్థానములును ఏర్పడినవి.

నేడు ఆ న్యాయస్థానములలో ఇచ్చు మాటకు విలువ యెట్టిది? ఒక అద్దెదారు, “ఆరు మాసములు గడువిప్పించుడు, ఫలానా తేదీకి ఇల్లు ఖాళీ చేసెదను” అని ప్రమాణపత్రము దాఖలు చేసెననుకొందము. కోర్టు ఆ మాట నమ్మి గడువిచ్చినది. గడువు దాటినను అతడు బుద్ధిపూర్వకముగా కదలనిచో, 1971 నాటి కోర్టు ధిక్కార చట్టము ప్రకారము అది సివిలు ధిక్కారము. ఆరు నెలల వరకు నిర్బంధము గాని, రెండువేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. క్రింది కోర్టుకు మాట తప్పినను ఈ చట్టము క్రింద శిక్షించునది హైకోర్టే. గద్వాల మనిషి హైదరాబాదు మెట్లెక్కవలసినదే.

పదవి గలవారికిని మినహాయింపు లేదు. అయోధ్యలో 1992 జులైలో జరిగిన కట్టడమును ఆపక, కోర్టుకిచ్చిన హామీని తప్పినందుకు, ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిన కల్యాణ్‌సింగ్‌కు సుప్రీంకోర్టు 1994లో ఒకనాటి జైలును, రెండువేల రూపాయల జరిమానాను విధించెను.

అయినను శిక్షించు చేతికి అదుపు ఉండవలెను గదా! 1926, 1952 చట్టములలో అప్పీలునకు ప్రత్యేకమైన హక్కు లేదు. సన్యాల్ సంఘము 1963లో ఆ లోపమును ఎత్తిచూపగా, 1971 చట్టపు 19వ సెక్షను దానిని తీర్చినది. ఒక న్యాయమూర్తి శిక్షించిన, ముప్పది దినములలో ఇద్దరికి తక్కువకాని న్యాయమూర్తుల ధర్మాసనమునకును, ధర్మాసనమే శిక్షించిన, అరువది దినములలో సుప్రీంకోర్టునకును అప్పీలు చేసికొనవచ్చును. అంతవరకు శిక్షను నిలుపుదల చేయు అధికారమును, తప్పు సరిదిద్దుకొననివాని అప్పీలును సైతము వినుటకు ఆదేశించు అధికారమును పై కోర్టుకు కలవు.

ఈ హక్కు శిక్ష పొందినవానిది. శిక్షింప నిరాకరించిన ఉత్తరువుపై ఫిర్యాదికి అట్టి హక్కు లేదని సుప్రీంకోర్టు 1974లో బరదకాంత మిశ్రా వ్యాజ్యమున నిర్ణయించెను. ఇల్లు పోగొట్టుకొన్న యజమాని సుప్రీంకోర్టు ప్రత్యేకానుమతిని వేడుకొనవలసినదే. కోర్టు గౌరవము వేరు, కక్షిదారు నష్టము వేరని చట్టము యెంచుటయే దీనికి కారణము.

కావున మన కక్షిదారులు మొదటనే మెలకువ వహింపవలెను. రాజీ వేరు, కోర్టుకు హామీ వేరు. 1979లో బాబూరాం గుప్తా వ్యాజ్యమున, రాజీ ఉత్తరువులో కోర్టుకు స్పష్టమైన హామీ లేదను కారణమున, ఢిల్లీ హైకోర్టు విధించిన శిక్షను సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఎదుటివాడు ఒప్పుకొన్న మాటను కోర్టుకిచ్చిన హామీగా ఉత్తరువులో వ్రాయించుకొనవలెను; అతడు మాట తప్పినచో ఏడాదిలోగా హైకోర్టు నాశ్రయింపవలెను. హామీ యిచ్చువాడును, తాను నెరవేర్చగల గడువునే అడుగుట మేలు.