విగ్రహం లేని తల్లులు, రాతి మీద లేని చరిత్ర

పోయినసారి మేడారం జాతరలో గద్దెల దగ్గరికి చేరాక మా మనవడు అడిగాడు, "తాతా, అమ్మవారి విగ్రహం ఏది?" అని. చేతిలో బెల్లం బంగారం పట్టుకొని నిలబడ్డా, జవాబు చెప్పటానికి కాసేపు పట్టింది. అందుకే ఇది రాస్తున్నా.

కోయోళ్ళు చెప్పే కథ ఇది. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలం. మేడారం దొర పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు. వరసగా కరువు, తినటానికే గింజల్లేవు. శిస్తు కట్టలేమన్నాడు. రాజు సైన్యాన్ని పంపాడు. పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో పోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు, అప్పట్నుంచి అది జంపన్న వాగు. దెబ్బ తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతికినోళ్ళకి పుట్ట దగ్గర కుంకుమ భరిణె ఒక్కటే దొరికింది. అందుకే విగ్రహం లేదు. ఇప్పటికీ రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి కోయ పూజారులే అమ్మను గుట్ట నుంచి గద్దెకు తెస్తారు.

వానల్లేని ఏడు అప్పు కట్టమంటే ఎట్లుంటదో మనకి వేరే చెప్పాలా? మనం మొక్కేది ఆ మాట రాజు ముందు అన్న ఇంటి ఆడబిడ్డలకి.

అదే ములుగు జిల్లాలో రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినట్టు రాతి మీదే రాసుంది. గెలిచినోళ్ళకి శాసనాలుంటాయి. సమ్మక్క కథ నిలిచింది మాత్రం డోలి కోయల పాటల్లో, గుడ్డ మీద బొమ్మలేసిన పడిగెల్లో.

ఆ పాట పాడినోళ్ళలో మన జిల్లా మనిషే ఒకాయన, మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారు. కంచుమేళం కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కాలం చేశారు. అట్లాంటి మనిషి పోతే పుస్తకం ఒకటి తగలబడినట్టే, మళ్ళీ అచ్చు వేయించుకునే దారి లేదు.

1996లో ప్రభుత్వం రాష్ట్ర పండగ చేసింది. రోడ్లొచ్చాయి, బస్సులొచ్చాయి. కథ చెప్పటం మాత్రం మన పనే. మీ పక్క గూడెంలో ఈ పాట వచ్చిన పెద్దోళ్ళుంటే ఒక సాయంత్రం పిల్లల్ని తీసుకొని పోయి కూర్చోండి. ఆళ్ళు సరేనంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. అది కూడా మొక్కే.