లినక్స్ లాప్‌టాప్‌లో తెలుగు: ఫాంటులు, పాత ఫైళ్లు, మార్పు చరిత్ర

సొంత లాప్‌టాప్‌ను విండోస్ నుండి ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చుకోవడంలోని చిక్కులను సాధారణంగా యంత్రానికి సంబంధించినవిగానే వివరిస్తారు. తెలుగులో రాసేవారి విషయంలో ఇది సగం నిజమే. వారిని విండోస్‌కు బలంగా కట్టిపడేసినవి తాము అంతవరకు రాసుకున్న ఫైళ్లు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్‌ను విడుదల చేశాడు. యూనికోడ్ తొలి కూర్పు వెలువడిందీ 1991లోనే. అందులో తెలుగుకు 128 స్థానాల పట్టిక దక్కింది. కాని ఇవి సామాన్య తెలుగు వాడుకరి చేతికి అందేలోపు డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్, అను ఫాంటులు స్థిరపడ్డాయి.

యూనికోడ్‌కు ముందరి ఫాంటులు ఆంగ్లాక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చాయి. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు మరొకచోట ఉండేవి. ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. అది లేని యంత్రంలో అర్థంలేని రోమన్ అక్షరాల వరుస. పైగా ఒక సంస్థ అమరిక మరొక సంస్థకు సరిపోదు. అందువల్ల సిద్ధాంత గ్రంథమో కథల సంపుటమో అలా దాచుకున్న రచయిత లినక్స్‌కు మారితే తన రచనను తానే చదువుకోలేడు. నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ వంటి మార్పిడి సాధనాలు ఈ అవసరం నుండి పుట్టినవే. మార్పిడి తరువాత కూడా పాఠాన్ని ఆసాంతం సరిచూసుకోక తప్పదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు నుండి వచ్చిన సమాధానం నెమ్మదిగా రూపుదిద్దుకుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు, రెడ్‌హాట్ అందించిన లోహిత్ తెలుగు లినక్స్ పంపిణీల్లో చేరాయి. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చింది. టైపింగు విషయంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి లినక్స్‌లోనూ దొరికింది, ఇన్‌స్క్రిప్ట్ సరేసరి. అయినా వేళ్లకు పట్టిన అలవాటు అంత తేలికగా వదలదు. మాడ్యులర్ అమరికలో వేగం సాధించిన ఆపరేటరుకు కొత్త అమరిక నేర్చుకోవడమంటే కొంతకాలం ఆ వేగాన్ని, అంటే రాబడిని, వదులుకోవడమే.

యంత్రం చిక్కులు లేవని కాదు. కొన్ని లాప్‌టాప్‌లలోని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌కు డ్రైవర్‌ను విడిగా దించుకోవలసి వచ్చేది. దానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కు డ్రైవర్ కావాలి! ఆ సంస్థ 2010లో కొన్ని చిప్‌లకు ఓపెన్‌సోర్స్ డ్రైవర్‌ను విడుదల చేసింది. 2012లో విండోస్ 8తో వ్యాపించిన సెక్యూర్ బూట్ మరో మెట్టు. డిస్కు విభజనలో పొరపడితే ఉన్న ఫైళ్లే పోతాయి. హైదరాబాదులో ఇలాంటివేళ తెలిసినవారు దొరకవచ్చు. త్రిపురారంలోనో కోదాడలోనో ఉన్న వాడుకరికి పక్కన కూర్చుని చూపేవారు దొరకడం కష్టం. ఈ ఒంటరితనాన్ని సాంకేతిక చరిత్రలు అంతగా లెక్కలోకి తీసుకోవు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 అర్హతలకు సరితూగని పాత లాప్‌టాప్‌లున్నవారి ముందుకు ఈ మార్పు ప్రశ్న మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్ తెలుగును చదవవచ్చు, రాయవచ్చు. పాత ఫాంటుల్లోని ఫైళ్లను మాత్రం విండోస్ తీసివేయకముందే యూనికోడ్‌లోకి మార్చి, మూలంతో పోల్చి, వేరే డిస్కులో భద్రపరచుకోవలసే ఉంది.