వజ్రాలు ఇచ్చిన చోటు

తొలకరి పడగానే మన వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు వెతకడం అందరం ఎరిగినదే. తెలుగు నేల వజ్రాలకు యూదుల చరిత్రలోనూ చోటుంది.

ఎరిక్ ఫ్లింట్ నవల ‘1632’లో ఒక అమెరికా పట్టణం 1631 నాటి జర్మనీలో ఊడిపడుతుంది, అక్కడ యూదులూ సమాన పౌరులవుతారు. నిజ చరిత్రలో ఫ్రాంక్‌ఫర్ట్ యూదులు రాత్రిళ్లు ద్వారాలు మూసేసే ఒకే వీధిలో బతికారు; 1614లో అల్లరిమూకలు దాన్నీ దోచాయి.

అదే శతాబ్దంలో, కృష్ణాతీరపు కొల్లూరు వంటి గనుల వజ్రాల కోసం మద్రాసు చేరిన యూదు వర్తకులకు 1688లో ఏర్పడిన నగర కార్పొరేషన్‌లో స్థానం దక్కింది. వజ్రాల బేరం సన్నగిల్లాక వాళ్లూ పలచబడిపోయారు.

అవసరం కొద్దీ ఇచ్చిన చోటు అవసరంతోనే పోతుంది. కరువుకు బెంగళూరు వలసపోయే మనవాళ్లకూ కావలసింది హక్కుగా దక్కే చోటే.