వంత పాడేవాళ్ల పాట: డూ-వాప్ అంటే ఏంటి?

ఈ ఎపిసోడ్ విన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, మధ్యలో నేను "ఒమాన్‌లో ఒంటెల మీద పాడే పాట కూడా ఒకరకంగా డూ-వాపే" అనేశాను. తర్వాత మళ్లీ వింటే అది తప్పని తెలిసింది. ఎందుకు తప్పో ఆలోచిస్తుంటే, డూ-వాప్ అంటే ఏంటో నాకే ఇంకాస్త స్పష్టమైంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఒంటెల పాట సంగతి. మస్కట్‌కి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఒక ఒమానీ సహోద్యోగి ఇంట్లో పెళ్లికి వెళ్లాను. మగవాళ్లు రెండు జట్లుగా నిలబడి పాడుతున్నారు. దాని పేరు తగ్రూదా. ఎడారిలో ఒంటెల మీద పోతూ పాడుకునే చిన్న చిన్న పద్యాలు. 2012లో యునెస్కో దీన్ని ఒమాన్, యుఏఈల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. వాయిద్యం ఒక్కటీ ఉండదు. ఒక జట్టు పాడితే రెండో జట్టు అందుకుంటుంది.

వింటుంటే నాకు మా ఊళ్లో చూసిన బుర్రకథ గుర్తొచ్చింది. నడుమ కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు, 'తందాన తాన' అంటూ. ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకోవడం, నడుమ అర్థం లేని అక్షరాలు. ఇవన్నీ ఒకటే కదా అనుకున్నాను. తొందరపడ్డాను.

తేడా ఎక్కడుందంటే, తగ్రూదాలో ఎంతమంది పాడినా అందరిదీ ఒకే వరస. బుర్రకథలో వంత కథకుడి వెనకే వస్తుంది. డూ-వాప్‌లో నలుగురైదుగురు ఒకే క్షణంలో వేర్వేరు స్వరాలు పడతారు. కింద బాస్ గొంతు అడుగులు వేస్తుంది. నడుమ బారిటోన్, టెనర్ గొంతులు కలిసి పరుపులా పరుచుకుంటాయి. పైన ఒక్క గొంతు మాటలతో పాట చెబుతుంది. బాస్ గొంతు తీసేయండి, పాట కూలిపోతుంది.

ఇది పుట్టింది న్యూయార్క్, ఫిలడెల్ఫియా, షికాగో లాంటి నగరాల్లో, 1940ల చివర్లో. పాడింది ఎక్కువగా నల్లజాతి కుర్రాళ్లు. వాయిద్యాలు కొనే డబ్బు చాలామంది దగ్గర లేదు. అందుకే గిటారు పనీ డ్రమ్ము పనీ గొంతుతోనే చేశారు. వీధి మూలలు, మెట్ల దారులు, సబ్‌వే స్టేషన్లు వాళ్ల స్టూడియోలు. గొంతు గోడకి తగిలి తిరిగొచ్చే చోటు వెతుక్కునేవాళ్లు. ద ఓరియోల్స్ 1948లో, ద కార్డ్స్ 1954లో ఆ గొంతుల్ని రేడియోలకి ఎక్కించారు. కార్డ్స్ పాడిన 'ష్-బూమ్'ని వెంటనే ద క్రూ-కట్స్ అనే తెల్లవాళ్ల బృందం మళ్లీ పాడింది. అమ్మకాల జాబితాలో మొదటి స్థానం దక్కింది వాళ్లకే. 'డూ-వాప్' అన్న పేరు మాత్రం 1961 దాకా అచ్చులో కనిపించదంటారు. అంటే పాడినవాళ్లకి తాము డూ-వాప్ పాడుతున్నామని తెలీదు!

ఇక నన్ను కదిలించిన కథ. 1956లో ద టీనేజర్స్ బృందం 'వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్' పాడింది. ముందు గొంతు ఫ్రాంకీ లైమన్‌ది, పదమూడేళ్లవాడు. పాట ఊపేసింది. రచయితలుగా నమోదైన పేర్లలో లైమన్ ఉన్నాడు, రికార్డు కంపెనీ మనిషి ఉన్నాడు. పాట రాసింది మేమూ కదా అన్నారు వెనక గొంతులైన హెర్మన్ సాంటియాగో, జిమ్మీ మర్చంట్. 1987లో కోర్టుకెక్కారు. 1992లో గెలిచారు. 1996లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. పాట వాళ్లది కాదని కాదు. దావా మూడేళ్లలోపు వేయాల్సింది, వేయలేదని.

మన భాషలో 'వంత పాడటం' అంటే చిన్నచూపే. సొంత మాట లేనివాడు చేసే పని. డూ-వాప్ ఆ మాటని తిరగేసింది. నా నిర్వచనం ఇప్పుడిది: వంతే పాటని నిలబెట్టే సంగీతం డూ-వాప్. వంత పాడినవాళ్ల పేర్లు మాత్రం అక్కడా నిలబడలేదు.

ఒక పని చేయండి. ద ఫైవ్ సాటిన్స్ 1956లో ఒక చర్చి నేలమాళిగలో రికార్డు చేసిన 'ఇన్ ద స్టిల్ ఆఫ్ ద నైట్' రెండుసార్లు వినండి. మొదటిసారి మీ ఇష్టం. రెండోసారి ముందు గొంతుని వదిలేసి, వెనకవాళ్లనే వినండి. ఏం వినిపించిందో నాకు రాయండి.