గాలి లేని పూట

పోయినేడు చలికాలంలో, మదనపల్లె దగ్గర మా మేనత్త వాళ్ళ ఊళ్ళో, ఒక పంట రెండు రోజుల్లో పోయింది. పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు కోసం తలలెత్తి చూస్తున్నాయి. ఇంకో వారం మేస్తే గూళ్ళు కడతాయి. ఆ ఉదయం తోటలో కోసిన మల్బరీ ఆకే వేశారు. సాయంత్రానికి పురుగులు ఆకుపచ్చ నీళ్ళు కక్కుతూ మెలికలు తిరిగాయి. మర్నాటికి షెడ్డు నిండా వాసన.

అంతకు ముందురోజు తెల్లవారుజామున పక్క చేలో టమాటాకు అద్దె డ్రోన్‌తో మందు కొట్టించారు. ఆ రైతు తనే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, నీ పురుగులున్నాయనే కదా గాలి లేని పూట చూసి కొట్టించింది. ఒక్క ఆకు కూడా కదల్లేదు." అతను అబద్ధం చెప్పలేదు. అత్త అతనితో పోట్లాడనూ లేదు. అతను వెళ్ళాక నన్నడిగింది: "గాలే లేకపోతే మందు ఎట్ట వచ్చిందిరా?"

ఆ ప్రశ్న పట్టుకుని కొన్ని నెలలు చదివాను. జవాబు కోసం వందేళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

1921 ఆగస్టు 3. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ అనే చిన్న ఊరు. కటాల్పా చెట్ల తోపుకి పురుగు పట్టింది. సైన్యంలో పైలట్ జాన్ మెక్రెడీ కర్టిస్ జెన్నీ విమానంలో వచ్చాడు. పక్కన తగిలించిన రేకు తొట్టిలో లెడ్ ఆర్సెనేట్ పొడి. దాన్ని తయారుచేసిన ఎతియెన్ దోర్మోయ్ వెనక కూర్చుని చేత్తో మర తిప్పుతూ పొడి వదిలాడు. మొత్తం చల్లడానికి పట్టింది 54 సెకన్లు. పంటల మీద, చెట్ల మీద విమానంతో మందు చల్లడమన్న చరిత్ర మామూలుగా ఇక్కడినుంచే మొదలుపెడతారు.

నన్ను ఆపింది ఇంకో వివరం. మెక్రెడీ తోపు మీదుగా ఎగరలేదు. గాలి వచ్చే వైపున, తోపు అంచు పక్కగా ఎగిరాడు. పొడిని చెట్లలోకి తీసుకెళ్ళింది గాలి. ఈ రోజు మనం 'డ్రిఫ్ట్' అని భయపడే సంగతి ఆ మొదటి రోజున పొరపాటు కాదు, పద్ధతే అది. గాలి కూలీ లేకుండా పనిచేసిన కూలీ.

తర్వాతి రోజుల్లో విమానాలు మారాయి, పనీ పెరిగింది. గాలితో గొడవలు కూడా పెరిగాయి. కాకపోతే ఆ గొడవలు చాలాకాలం పైలట్ వైపు నుంచే లెక్కకొచ్చాయి.

వ్యవసాయ విమానాల్లో ఎక్కువ భాగం తోకచక్రం బళ్ళు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక తోక కింద చిన్నది. మట్టి రన్‌వేకి అవే అనువు. చిక్కేమిటంటే బరువంతా ముందు చక్రాలకి వెనక ఉంటుంది. ఎద్దుబండిని వెనక్కి నెట్టి చూసినవాళ్ళకి తెలుసు, కాస్త వంకర పోయిందా, ఇక ఆ వంకరే పెరుగుతుంది. నేల మీద పక్కగాలి తోకని తోస్తే విమానం అలాగే గిర్రున తిరుగుతుంది. పక్కగాలి ఇంతవరకూ ఫరవాలేదని పుస్తకంలో ఒక అంకె ఉంటుంది. చాలా విమానాలకి అది హద్దు కూడా కాదు, పరీక్షించిన పైలట్ దిగి చూపించిన గాలివేగం మాత్రమే.

గాలిలోనూ తిప్పలే. మందు నిండా ఉన్నప్పుడు ఒక విమానం, తొట్టి ఖాళీ అయ్యాక ఇంకో విమానం. ఒక్క పూటలో పైలట్ ఈ రెంటినీ పదేపదే మారుస్తుంటాడు. చాలు చివర మలుపు తిరిగేటప్పుడు వెనకగాలి ఉంటే, కింద నేల జోరుగా పరిగెడుతుంది. వేగం ఎక్కువైందని కన్ను చెప్తుంది. రెక్కకి కావలసింది నేల మీది వేగం కాదు, గాలిలో వేగం. కన్ను మాట విని ఇంజన్ తగ్గించినవాళ్ళు కొందరు తిరిగి రాలేదు. అందుకే ప్రాణం మీదికొస్తే సరుకంతా ఒక్కసారిగా కిందికి వదిలేసే పిడి ఒకటి పెట్టారు.

ఫ్రెడ్ వైక్ అనే ఇంజనీరు టెక్సస్‌లో ఈ పని కోసమే మొదటినుంచీ గీసిన ఏజీ-1 విమానం 1950 డిసెంబర్‌లో ఎగిరింది. మందు తొట్టి ముందు, పైలట్ వెనక, ఎత్తుగా. గుద్దుకుంటే ముందు నలిగేది తొట్టి, మనిషి కాదు. కరెంటు తీగలని తెంపే ఏర్పాట్లు కూడా చేశాడు. రష్యాలో 1947లో ఎగిరిన ఆంతొనొవ్ ఆన్-2 ఇంకో వింత. రెండు జతల రెక్కలున్న ఆ విమానం ఎంత నెమ్మదిగానైనా నడుస్తుంది. ఎదురుగాలి గట్టిగా ఉంటే నేల మీంచి చూసేవాళ్ళకి నిలబడిపోయినట్టు, ఒక్కోసారి వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. మన దేశమూ చేసింది. బెంగళూరులో హెచ్‌ఏఎల్ 'బసంత్'ని తయారుచేసింది. 1972 మార్చి 30న ఎగిరింది. 1980 నాటికి 39 విమానాలతో దాని కథ ముగిసింది.

ఇదంతా గట్టిగాలి కథ. పైనున్నవాడిని కూల్చే గాలి. దానికి అంకెలున్నాయి, పుస్తకాలున్నాయి. కిందున్నవాళ్ళని ముంచే గాలి వేరే. అది మెల్లగా ఉంటుంది.

మా నాయనమ్మ కళ్ళంలో తూర్పార పట్టడం నేను చిన్నప్పుడు చూశాను. చేట పైకెత్తి వదిలితే గింజ కాళ్ళ దగ్గర పడేది, తాలు అంతదూరం పోయేది. మందు చుక్కలదీ ఇదే లెక్క. వెంట్రుక మందమున్న చుక్క, అంటే 100 మైక్రాన్లది, మూడు మీటర్లు దిగడానికి పది సెకన్లు చాలు. 20 మైక్రాన్లదానికి దాదాపు నాలుగు నిమిషాలు కావాలి. నాలుగు నిమిషాల్లో చిన్న పిల్లగాలి కూడా దాన్ని నాలుగు గట్లు దాటిస్తుంది. విమానం తన రెక్కల కొసల దగ్గర తనే సుడి లేపి సన్నచుక్కల్ని పైకి లాగుతుంది. అందుకే మందు గొట్టాల్ని రెక్క చివరిదాకా పెట్టరు.

మరి గాలే లేని పూట? చలికాలం తెల్లవారుజామున ఊరి మీద పొయ్యిల పొగ పైకి పోకుండా దుప్పటిలా అడ్డంగా పరుచుకోవడం చూసే ఉంటారు. రాత్రంతా నేల చల్లబడి దాన్నంటిన గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలాగా ఉంటుంది. ఆ మూత కింద సన్నచుక్కలు చెదిరిపోవు, కిందికీ దిగవు. పల్లం ఎటుంటే అటు, మందలా కలిసి మెల్లగా జారతాయి. ఆకు కదలదు. మందు కదులుతుంది. అమెరికాలో చాలా సలహాలు గంటకి 10 మైళ్ళు మించొద్దనడంతో పాటు 3 మైళ్ళకి తగ్గినా ఆగమనేది ఇందుకే. అక్కడి పైలట్లు ఇంజన్ పొగగొట్టంలోకి కాస్త నూనె వదిలి, ఆ పొగ ఎటు పోతుందో, ఎలా పరుచుకుంటుందో చూసి మొదలుపెడతారు.

ఈ మెల్లటి గాలిని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో మన పక్కనే, కేరళలోని కాసరగోడ్‌లో చూశాం. అక్కడి ప్రభుత్వ సంస్థ జీడిమామిడి తోటల మీద 1978 నుంచి 2000 దాకా, ఏటా రెండు మూడుసార్లు, హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అదంతా కొండా లోయా కలిసిన నేల. ఒకే ఎత్తులో ఎగరడం కుదరని చోటు. తోటల మధ్యనే ఇళ్ళు, బళ్ళు, తెరిచి ఉన్న వాగులు, కొండ లోపలికి తొలిచిన సొరంగ బావులు. పుట్టిన పిల్లల్లో వైకల్యాలు, ఇంటింటా జబ్బులు కనిపించాయి. వ్యవసాయ శాఖలోనే పనిచేసే లీలాకుమారి అమ్మ 1998లో కోర్టుకెక్కి చల్లకం ఆపించింది. సుప్రీంకోర్టు దేశమంతటా ఆ మందుని ఆపింది 2011 మే 13న. బాధితులకి తలా 5 లక్షలు ఇవ్వమన్నది 2017లో. అంబికాసుతన్ మంగాడ్ మలయాళ నవల 'ఎన్మకజె' ఆ ఊళ్ళ కథే. అక్కడ ఏ పైలట్ ఏ నిబంధన తప్పాడన్న వాదన ఒకటి నడిచింది. నాకు మాత్రం అసలు తప్పు అంతకు ముందే జరిగిందనిపిస్తుంది. తోట గట్టు దగ్గర మందు ఆగుతుందని కాగితం మీద గీత గీసినప్పుడే.

ఇప్పుడు విమానం బదులు డ్రోన్ వచ్చింది. పైలట్ నేల మీదే ఉన్నాడు. గాలి ఎక్కువైతే తెర మీద హెచ్చరిక వస్తుంది, డ్రోన్ పడిపోతుందని. గాలి మరీ తక్కువైతే ఏ హెచ్చరికా రాదు. నూరేళ్ళ తర్వాత కూడా యంత్రం తన గాలినే కొలుచుకుంటోంది.

ఇదంతా అత్తకి చెప్పాను. ఆమె సగంలోనే ఆపింది. "పొగ సంగతి మాకు తెలీదా? కళ్ళంలో మీ నాయనమ్మ చూసేది కదరా." ఇప్పుడు పక్క చేను రైతు ముందురోజే ఫోన్ చేస్తాడు. తెల్లారి ఇద్దరూ నీళ్ళపొయ్యి పొగ వైపు చూస్తారు. అడ్డంగా పరుచుకుంటే ఆగుదామంటారు. ఇబ్బందల్లా డ్రోన్ కుర్రాడితోనే. ఎండెక్కేలోపు అతను ఎనిమిది చేలు చూసుకోవాలి. ఎకరాకింత అని అతనికి డబ్బులు. ఆగిన గంటకి ఎవరూ ఇవ్వరు. మొన్న అతన్ని ఆపడానికి అత్త ఒక ఎకరం డబ్బులు తన చేతినుంచే ఇచ్చిందట.

పొగ నిటారుగా లేచేదాకా ఆ కుర్రాడు గట్టు మీద కూర్చుని ఆమె ఇచ్చిన కాఫీ తాగాడట.